భిన్నవ్యవస్థల కంప్యూటర్ల నడుమ తెలుగు ప్రతుల వినిమయము: పాఠవికారములు, పరిష్కారము

ప్రాచీనగ్రంథపరిష్కరణమునందు కృషి చేసినవారికి ఒక విషయము చిరపరిచితము. గ్రంథము ఒక ప్రతినుండి మఱియొక ప్రతికి ఎక్కిన ప్రతి పర్యాయమును దానియందు కొంత మార్పు సంభవించును. లేఖకుడు పకారమును వకారముగా చదువుకొనును. ఒక పాదమును దాటి క్రిందిపాదమునకు పోవును. తనకు తెలియని పదమునకు మాఱుగా తెలిసిన పదమును నిలుపును. ఈ దోషములు యాదృచ్ఛికములుగా తోచినను వానికి కొన్ని క్రమములు కలవు. ఆ క్రమములను గుర్తించుటచేతనే పాఠపరిష్కరణము శాస్త్రమను పేరునకు తగినదైనది.

నేడు మన సిద్ధాంతవ్యాసములు, పదసూచికలు, జానపదగేయసంకలనములు, శాసనపాఠములు కంప్యూటరునందే సిద్ధమగుచున్నవి. ఒక కంప్యూటరునందలి ప్రతి మఱియొక కంప్యూటరునకు పోవునపుడు నడుమ లేఖకుడు లేడు. కావున లేఖకదోషములును ఉండవని తలంచుట సహజము. కాని అనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. పంపినవారి యంత్రమును, అందుకొన్నవారి యంత్రమును వేర్వేఱు ఆపరేటింగ్ సిస్టములపై నడుచునపుడు తెలుగు పాఠము పలు తెఱగుల వికారము చెందుచున్నది. ఈ వికారములకును నియమములు కలవనియు, వికృతరూపమును పరీక్షించి దాని కారణమును నిర్ణయింపవచ్చుననియు, మూలపాఠము మరల లభించునో లేదో తెలిసికొనవచ్చుననియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పిన సంఘటన యొకటి కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక పరిశోధకవిద్యార్థిని నెల్లూరు తీరగ్రామములలో తిరిగి చేపలవేటకు సంబంధించిన వృత్తిపదములను రెండువేలకు పైగా సేకరించినది. పదము, అర్థము, చెప్పినవారి ఊరు, వయస్సు అను అంశములను విండోసు కంప్యూటరుపై ఒక పట్టికయందు ఎక్కించినది. పదములను లెక్కించి వర్గీకరించు పని వేఱొకచోట లినక్సు కంప్యూటరుపై జరుగవలసియుండెను. రెండు యంత్రములకును సమ్మతమైన రూపమని ఎవరో చెప్పగా, ఆమె ఆ పట్టికను కామాలతో వేఱుచేసిన సాదాపాఠముగా భద్రపఱచి, రెండు ప్రతులెందుకని మొదటిదానిని తొలగించినది. రెండవ యంత్రముపై ఫైలు తెఱచి చూడగా వయస్సులు, వరుససంఖ్యలు యథాతథముగా నున్నవి. తెలుగు అక్షరమున్న ప్రతిచోటను ప్రశ్నార్థకచిహ్నములు మాత్రమే మిగిలినవి. "మాస్టారూ, ఏ ఫాంటు పెడితే ఇవి మళ్ళీ అక్షరాలవుతాయి?" అని ఆమె నన్నడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము ఈ వ్యాసమున నాలుగవభాగమునందు రాగలదు. అంతకుముందు కొంత భూమిక అవసరము.

1. ఫైలు ప్రయాణము

కంప్యూటరు అంగములను నడపుచు, ఫైళ్ళను డిస్కుపై అమర్చు మూలకార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. సౌలభ్యముకొఱకు దీనిని ఇకమీద వ్యవస్థ అని పేర్కొందును. విండోసు, మ్యాక్ ఓఎస్, లినక్సు అనునవి నేడు విద్యాలయములలో కానవచ్చు మూడు వ్యవస్థలు. డిస్కుపై ఫైళ్ళను అమర్చు విధానము ఒక్కొక్క వ్యవస్థకు ఒక్కొక్కటి. విండోసునకు 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్, లినక్సునకు 2008లో స్థిరపడిన ఈఎక్స్‌టీ4, మ్యాక్ ఓఎస్‌నకు 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ప్రధానములు. తక్కిన రెండు వ్యవస్థల డిస్కులను విండోసు తనంతట తాను చదువజాలదు. మ్యాక్ ఓఎస్ ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును చదువును గాని, అదనపు సాధనము లేనిదే దానిపై వ్రాయదు. మూడింటికిని సమ్మతమైన పాతవిధానము ఫ్యాట్32. అందు ఒక్కొక్క ఫైలు నాలుగు గిగాబైట్ల లోపలనే ఉండవలెను. రాత్రియంతయు సాగిన తోలుబొమ్మలాటను వీడియో తీసినవారికి ఆ మేర చాలదు. ఈ కొఱతను తీర్చుటకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2006లో ఎక్స్‌ఫ్యాట్ అను విధానమును తెచ్చినది. 2019లో దాని నిర్దేశములను బహిరంగపఱచిన పిదప, 2020 నాటికి లినక్సు మూలభాగమునందును అది స్థిరముగా చేరినది. పెన్‌డ్రైవుపై మూడు వ్యవస్థల నడుమ ఫైళ్ళను త్రిప్పువారికి నేడు ఇది అనుకూలము.

తీగలమీదుగా ఫైలును పంపు యత్నము ఇంతకంటె ముందటిది. కాన్పూరు ఐఐటీలో చదివి అమెరికాయందలి ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిలులో ఎఫ్‌టీపీ అను ఫైలుబదిలీ నియమావళిని రచించెను. భిన్నజాతుల యంత్రముల నడుమ ఫైళ్ళు పంపుటయే దాని ప్రయోజనము. తరువాత స్థిరపడిన ఆ నియమావళియందు పాఠమును పంపుటకు ఒక పద్ధతియు, బైట్లను ఉన్నవి ఉన్నట్లు పంపుటకు మఱియొక పద్ధతియు వేర్వేఱుగా నుండుట గమనింపదగినది. పాఠమనునది బైట్ల సమూహముకంటె భిన్నమని దాని కర్తలు ఆనాడే గుర్తించిరన్నమాట. పిమ్మట ఆస్ట్రేలియాయందు ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో తొలిసారి వెలువరించిన సాంబా అను కార్యక్రమము, మైక్రోసాఫ్ట్ వ్యవస్థలు తమలో తాము ఫైళ్ళు పంచుకొను ఎస్ఎంబీ నియమావళిని యూనిక్సు జాతి యంత్రములకు నేర్పినది.

ఇట్లు వాహనసమస్య చాలవఱకు తీరినది. బైటు అనగా 0 మొదలు 255 వఱకు గల ఒక సంఖ్య. పంపిన బైట్లు నేడు దాదాపు ఎల్లప్పుడును చెడక చేరుచున్నవి. చిక్కు చేరిన తరువాత, ఆ సంఖ్యలను ఏ అక్షరములుగా చదువవలెనను ప్రశ్నయందు కలదు.

2. అక్షరము, సంఖ్య, ఆకృతి

కంప్యూటరు అక్షరమును ఎఱుగదు; సంఖ్యను మాత్రమే ఎఱుగును. ఏ సంఖ్య ఏ అక్షరమునకు చెల్లునో తెలుపు ఒప్పందమునకు ఎన్‌కోడింగు అని పేరు. 1963లో అమెరికాయందు వెలువడిన ఆస్కీ ఒప్పందమున ఉన్నవి 128 స్థానములే. వానియందు తెలుగునకు చోటు లేదు. 1990 దశాబ్దపు తొలినాళ్ళలో ప్రవాసాంధ్రులు అంతర్జాలమున తెలుగు వ్రాసికొనుటకు అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణపద్ధతిని వాడిరి. అది ఆస్కీ అక్షరములతోనే నడచుటచేత ఏ వ్యవస్థయందును చెడలేదు. తెలుగు లిపి కనబడకున్నను తెలుగు పాఠము నిలిచినది. ఈ భేదమును మనస్సునందుంచుకొనవలెను.

భారతీయలిపులకొఱకు భారతీయప్రమాణసంస్థ 1991లో ఇస్కీ అను ప్రమాణమును వెలువరించినది. అందు తెలుగు కకారమునకును హిందీ కకారమునకును ఒకటే సంఖ్య. లిపి యేదో వేఱుగా చెప్పవలెను. అదే సంవత్సరమున తొలిసంపుటము వెలువడిన యూనికోడు ప్రమాణము ప్రతి లిపికిని ప్రత్యేకస్థానములను కల్పించినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు లభించినవి. అక్షరక్రమము మాత్రము ఇస్కీ పూర్వరూపమునుండి గ్రహింపబడినదే.

యూనికోడునందు కకారము 3093, పొల్లుగుర్తు 3149, షకారము 3127. ఈ మూడును వరుసగా వచ్చినచో తెరపై క్షకారము కనబడును. అనగా ఫైలునందు నిలుచునది అక్షరముల వరుస. వానిని కూర్చి సంయుక్తాక్షరముగా చిత్రించుట ఫాంటును వ్యవస్థయు కలిసి చేయు పని. ఆకృతి ఫైలునందు లేదు. "తెలుగు" అను పదమునందు మూడు హల్లులు, మూడు గుణితపుగుర్తులు కలసి ఆఱు సంఖ్యలు కలవు.

ఈ సంఖ్యలను బైట్లుగా వ్రాయు పద్ధతులు ఒకటికంటె ఎక్కువ. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిన యూటీఎఫ్-8 పద్ధతియందు ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పట్టును. కకారము 224, 176, 149 అగును. యూటీఎఫ్-16 పద్ధతియందు రెండు బైట్లు చాలును. కకారము 12, 21 అగును. కొన్ని యంత్రములు ఇదే జంటను తిరుగవేసి 21, 12 అని వ్రాయును. పాఠము ఒకటే, లేఖనము మూడు విధములు. ఏ విధమున వ్రాసిరో తెలియక మఱియొక విధమున చదివినచో వికారము తప్పదు.

3. ఆకృతిలేఖనము

యూనికోడు తెలుగు మన గృహములకు చేరకముందే అచ్చుపనులకు కంప్యూటరు వచ్చినది. ఆనాటి పేజీకూర్పు కార్యక్రమములు లాటిను అక్షరములనే ఎఱుగును. కావున ఫాంటునందు లాటిను అక్షరముల స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు మొదలగు తెలుగు అక్షరఖండముల బొమ్మలను నిలిపిరి. అను, శ్రీలిపి మొదలైన ఫాంట్లు ఈ జాతివి. వీనివలన తెలుగు ముద్రణ ఎంతయో సుకరమైనదనుట సత్యము. ఐనను ఆ ఫైలునందున్నది తెలుగు కాదు. లాటిను అక్షరముల సంఖ్యలు. ఫాంటు ఉన్నంతవఱకు తెలుగుగా కనబడును. లేనిచో నిజరూపము బయటపడును. ఒక ఫాంటునందలి క్రమము మఱియొక ఫాంటునందు ఉండదు.

ఈ విషయమున నా అనుభవమును చెప్పుట అప్రస్తుతము కాదు. 2000 దశాబ్దమున నా సిద్ధాంతవ్యాసమును ఒక డీటీపీ కేంద్రమున కూర్పించితిని. చాలయేండ్లకు అందలి అనుబంధమును వేఱొక వ్యవస్థపై తెఱవగా లాటిను అక్షరముల కుప్ప కనబడినది. ఆ కేంద్రము అప్పటికే మూతపడినది. ఫాంటు పేరు మాత్రము ఫైలునందు మిగిలియుండెను. దానినిబట్టి పరివర్తనపట్టికను సంపాదించి పాఠమును యూనికోడునకు మార్చితిని. చాలభాగము చక్కగా వచ్చినది. కాని అచ్చటచ్చట పదముల నడుమ ఏదో ఒక అక్షరఖండము అసంగతముగా కానవచ్చెను. ముద్రితప్రతితో పోల్చి చూడగా అవి యన్నియు అరసున్నలుండవలసిన తావులు. మూలఫాంటునందు అరసున్న లేనందున, కూర్చినవారు ఆయా చోట్ల ఫాంటు మార్చి లాటిను సి అక్షరమును నిలిపియుండిరి. పరివర్తనమునందు ఆ ఫాంటుభేదము లెక్కకు రాక, సి అక్షరము ఒక తెలుగు ఖండముగా మారినది. కారణము తెలిసిన పిమ్మట దోషములను సవరించుటకు ఒక పూట పట్టెను. తెలియకున్నచో ఛందోభంగములని భ్రమపడి పద్యములనే దిద్దియుందునేమో!

4. వికారభేదములు

పై భూమికనుబట్టి, చేరిన ప్రతియందు కనబడు వికారములను నాలుగు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది రిక్తచతురస్రము. అక్షరములున్నచోట ఖాళీపెట్టెలు కనబడును. ఇచ్చట పాఠము చెడలేదు. చదువరి యంత్రమునందు ఆ అక్షరమునకు బొమ్మ లేదు, అంతియే. మన శాఖకు ఇది తఱచుగా తటస్థించును. దంత్యచకారజకారములైన ౘ, ౙ అనునవి 2008లోను, శాసనభాషకు అవసరమైన ఴకారము 2014లోను, ౚకారము 2015లోను, నకారపొల్లు 2021లోను యూనికోడునందు చేరినవి. పాతఫాంట్లు వీనిని ఎఱుగవు. శాసనపాఠమునందు పెట్టె కనబడగానే దానిని ళకారముగానో ఱకారముగానో దిద్దుట మహాదోషము. ఫాంటును మార్చి చూడవలెనే కాని పాఠమును తాకరాదు.

రెండవది ఆవృత్తివికారము. యూటీఎఫ్-8 పాఠమును పాశ్చాత్యభాషల ఒప్పందముతో చదివినపుడు ఇది కలుగును. ప్రతి తెలుగు సంఖ్యయు 224తో మొదలై, రెండవ బైటు 176 గాని 177 గాని అగును. అందుచే తెరపై స్వరచిహ్నముగల లాటిను ఎ అక్షరము, దాని ప్రక్కన డిగ్రీగుర్తు లేదా ధనఋణచిహ్నము, పిమ్మట మఱియొక గుర్తు వచ్చి, ఈ మూడింటి వరుస పునరావృత్తమగుచుండును. ఈ లయను ఒకసారి గుర్తించినవారు మరల పొరబడరు. ఇట్టి ఫైలును మార్చి భద్రపఱచక, యూటీఎఫ్-8 అని నిర్దేశించి తెఱచినచో పాఠము సమగ్రముగా లభించును. యూటీఎఫ్-16 జంటలు తిరుగబడుట దీనికి సోదరదోషము. కకారమునకు చెందిన 12, 21 తిరుగబడినచో 5388 అగును. అది కెనడా ఆదివాసుల లిపికి చెందిన స్థానము. తెలుగు ఫైలునందు అపరిచితలిపులు కనబడినచో ఈ కారణమును శంకింపవలెను.

మూడవది ఆకృతివికారము. లాటిను అక్షరములు, విరామచిహ్నములు క్రమరహితముగా కలిసి కనబడును. పైన చెప్పిన మూడింటి లయ ఉండదు. ఇది పూర్వభాగమున చెప్పిన ఫాంట్ల ఫలము. ఫాంటు పేరు తెలిసినచో పరివర్తనపట్టికచే పాఠము చాలవఱకు లభించును. ముద్రితప్రతితో సరిచూచుట మాత్రము అనివార్యము.

నాలుగవది ప్రశ్నార్థకవికారము. తెలుగునకు చోటులేని ఒప్పందమున ఫైలును భద్రపఱపుమని కోరినపుడు, కార్యక్రమము తనకు వ్రాయరాని ప్రతి సంఖ్యకు బదులుగా 63 అను సంఖ్యను, అనగా ప్రశ్నార్థకమును వ్రాయును. "తెలుగు" అను పదమునకు ఆఱు ప్రశ్నార్థకములు వచ్చును. "వలస" అనినను మూడే, "పడవ" అనినను మూడే. ఏ అక్షరమునకు ఏ ప్రశ్నార్థకమో తెలుపు ఆధారము ఫైలునందు లేశమును ఉండదు. ఇది చదువుటయందలి దోషము కాదు, వ్రాయుటయందలి నాశము. శిథిలమైన తాళపత్రమున అక్షరముల సంఖ్య తెలిసి అక్షరములు తెలియని రంధ్రమువంటిది.

ఆ విద్యార్థిని ప్రశ్నకు సమాధానము ఇదియే: ఏ ఫాంటును ఆ పదములను మరల తేజాలదు. మూలపట్టిక ఉండినచో భద్రపఱచునపుడు యూటీఎఫ్-8 అను పద్ధతిని ఎన్నుకొని నిమిషములో తిరిగి పంపియుండవచ్చును.

నల్లని వజ్రాకృతిలో తెల్లని ప్రశ్నార్థకము కనబడుట వేఱు విషయము. అది చదువరి కార్యక్రమము తనకు బోధపడని బైటునకు తెరపై పెట్టిన గుర్తు. ఫైలునందు మూలబైట్లు ఇంకను నిలిచియుండవచ్చును. అట్టి ఫైలును భద్రపఱపక మూసివేసినచో పాఠము దక్కును. భద్రపఱచినచో నాలుగవతెగయందు చేరును.

5. కంటికి కనబడని భేదములు

చూపునకు ఒకటిగనే యుండి యంత్రమునకు వేఱుగా తోచు రూపములు మఱికొన్ని కలవు. యూనికోడునందు ఐత్వమును 3144 అను ఒకే సంఖ్యతో వ్రాయవచ్చును. 3142, 3158 అను రెండు సంఖ్యలతోను వ్రాయవచ్చును. మొదటి ఖండము ఎత్వము, రెండవది దాని క్రింది గుర్తు. ప్రమాణముననుసరించి రెండును సమానములే. కాని 1998లో మ్యాక్ యంత్రములకు వచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ విధానము ఫైలుపేర్లయందలి ఇట్టి అక్షరములను విడదీసియే వ్రాసెడిది. "శైలి" అను పేరుగల ఫైలు అట్టి యంత్రమునుండి లినక్సునకు పోయినపుడు, అచ్చట "శైలి" అని వెదకినను దొరకదు. ఒకే సంచయమున రెండు "శైలి" ఫైళ్ళు ప్రక్కప్రక్కన నిలుచుటయు కలదు. ఏపీఎఫ్ఎస్ పేరును ఇచ్చినది ఇచ్చినట్లే ఉంచును. ఐనను పాతడిస్కులనుండి వచ్చిన పేర్లయందు ఈ చిక్కు మిగిలియున్నది. పదప్రయోగసంఖ్యలను లెక్కించువారు లెక్కకు ముందు పాఠమునంతటిని ఒకే రూపమునకు తేవలెను.

ఫైలుపేర్ల నిడివియందును భేదము కలదు. ఎన్‌టీఎఫ్ఎస్ పేరునకు 255 యూటీఎఫ్-16 ప్రమాణములను అనుమతించును; ఈఎక్స్‌టీ4 255 బైట్లనే అనుమతించును. తెలుగునకు సంఖ్య యొక్కింటికి మూడు బైట్లు కావున లినక్సునందు 85 సంఖ్యలకు మించి తెలుగు పేరు పెట్టరాదు. మన సిద్ధాంతవ్యాసముల శీర్షికలు ఈ మేరను అవలీలగా దాటును! ప్రశ్నార్థకము, కోలను విండోసు ఫైలుపేర్లలో నిషిద్ధములు. లినక్సునందు అవి చెల్లును. కావున ప్రశ్నరూపమైన శీర్షికను ఫైలుపేరుగా పెట్టినచో అది విండోసు గడప దాటదు.

పంక్తి ముగిసినదను గుర్తు విండోసునందు 13, 10 అను రెండు బైట్లు. లినక్సునందును, 2001 తరువాతి మ్యాక్ యంత్రములందును 10 మాత్రమే. అందుచే లినక్సు పద్యప్రతి విండోసు నోట్‌ప్యాడునందు ఒకే పంక్తిగా కనబడెడిది. 2018 నుండి ఆ చిక్కు తొలగినది.

6. ఆచరణీయములు

దీనినిబట్టి పరిశోధకులు పాటింపదగిన నియమములు కొన్ని తేలుచున్నవి. పాఠమును యూనికోడునందే వ్రాసి, సాదాపాఠముగా పంపునపుడు యూటీఎఫ్-8 అని నిర్దేశించి భద్రపఱపవలెను. కూర్పుతో కూడిన వ్యాసములకు 2006లో అంతర్జాతీయప్రమాణమైన ఓడీఎఫ్ గాని, 2008లో ప్రమాణమైన డాక్ఎక్స్ జాతి రూపము గాని వాడవచ్చును. పీడీఎఫ్ చదువుటకు ఉత్తమము. ఏ వ్యవస్థయందైనను పుట రూపము మారదు. కాని అది ముఖ్యముగా ఆకృతులను భద్రపఱచునది. దానినుండి తెలుగు పాఠమును తిరిగి తీసినపుడు ఒత్తులు, గుణితములు తాఱుమాఱగుట తఱచు. కావున పీడీఎఫ్ ఒక్కటియే దాచి మూలఫైలును వదలుట అచ్చుప్రతిని దాచి వ్రాతప్రతిని పాఱవేయుటవంటిది. ఫైలుపేర్లు పొట్టివిగా, విరామచిహ్నరహితములుగా నుండవలెను. పాతఫాంట్ల ఫైళ్ళతోపాటు ఫాంటు పేరును ఒక కాగితముపైనైన వ్రాసి ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యము: క్రొత్తప్రతిని రెండవ యంత్రముపై తెఱచి, చదివి, సరిచూచువఱకు మూలప్రతిని తొలగింపరాదు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయపదసంపుటము వెలువడినది. ఆనాడు క్షేత్రమున సేకరించిన పదము కాగితముపై నిలిచెడిది. దానిని ప్రశ్నార్థకముగా మార్చుట చెదలకు సైతము సాధ్యము కాదు. నేటి సాధనములు అంతకంటె శక్తిమంతములు. అందుచేతనే అంతకంటె ఎక్కువ జాగరూకతను కోరుచున్నవి. ఆ విద్యార్థిని మరల ఆ గ్రామములకు పోయినది. చాలపదములు తిరిగి లభించినవి. వలల అల్లికనుగూర్చిన పదములను చెప్పిన వృద్ధుడు మాత్రము ఆ నడుమ గతించెను. ఆయన చెప్పిన మాటలలో ఎన్ని ఇతరులనోట మిగిలియున్నవో నిర్ణయించుటకు నేడు మార్గము లేదు.

మన శాఖలయందు గ్రంథపరిష్కరణమును బోధించునపుడు లేఖకదోషప్రకరణమునకు అనుబంధముగా ఈ యంత్రవికారములను సైతము బోధించుట ఆవశ్యకమని నా అభిప్రాయము. విజ్ఞులు విచారింతురు గాక.